చీరాల్లో చైనా భోజనం

కారంచేడు వెళ్ళడానికి మా అమ్మకు కారణం అక్కర్లేదు. వెళ్ళకుండా వుండడానికే కారణం కావాలి. అది ఆవిడ పుట్టిల్లు. ఈసారి మంచి కారణమే దొరికింది. మా మేనమామ మనుమరాలికి ఓణీల వేడుక. హైదరాబాదు నుంచి మా అమ్మ, మా ఆవిడ, అబ్బాయి, అమ్మాయి, ఆరు సంచులు, వాటికి కాపలాగా నేను బయలుదేరాం.

రైలు చీరాల చేరేసరికి రెండు గంటలు ఆలస్యమైంది. వీధి దీపాలు వెలిగాయి. అక్కణ్ణించి కారంచేడు ఏడెనిమిది కిలోమీటర్లే. మామయ్య పంపిస్తానన్న కారు పందిరి సామాను కోసం ఎటో వెళ్ళిందట. "గంటలో వచ్చేస్తుంది. ఈలోగా ఏదన్నా తినండర్రా!" అన్నాడు ఫోనులో.

తినడమా! ఆ మాట అనడం తేలిక. మా అమ్మ ప్రయాణంలో పైమెతుకు ముట్టదు. పులిహోర, పెరుగన్నం, అరటిపళ్ళు, మరచెంబుతో నీళ్ళు, ఇదీ ఆవిడ బందోబస్తు. పిల్లలు తెనాలి రాకముందే పులిహోర ఖాళీ చేశారు. బాపట్ల దాటేసరికి పెరుగన్నం గిన్నె కడిగినట్టయింది. మరచెంబులో నీటిచుక్క లేదు. పైగా ఆ రోజు శనివారం. శనివారం నాడు ఆవిడకు నీచు పనికిరాదు.

సంచులన్నీ ఒక ఆటోలో పడేసి గడియారస్తంభం సెంటరుకు వచ్చాం. అక్కడ మా అబ్బాయి కళ్ళు ఒక బోర్డు మీద పడ్డాయి. "చైనీస్ ఫాస్ట్ ఫుడ్" అని యెర్రటి అక్షరాలు. పక్కన డ్రాగన్ బొమ్మ. గీసినవాడు డ్రాగన్‌ను ఎన్నడూ చూసి వుండడు గనక, తాను ఎరిగిన తొండకే మీసాలు పెట్టి వదిలాడు.

"నాన్నా, నూడుల్స్!" అన్నాడు వాడు. "మంచూరియా!" అన్నది అమ్మాయి. మా ఆవిడ ఏమీ అనలేదు గాని, అప్పటికే అటు రెండడుగులు వేసింది.

మా అమ్మ బోర్డుకేసి చూసి, "చీరాల వచ్చి చైనా తిండి తినాలట్రా?" అన్నది.

నిజానికి చీరాలకు పరదేశాలు కొత్త కాదు. ఈ వూళ్ళో నేసిన రుమాళ్ళు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఓడలెక్కి వెళ్ళేవి. నూలును నూనెలో నానబెట్టి, చిటికెలు కట్టి, యెరుపూ నలుపూ రంగులు అద్ది నేసిన నలుచదరపు గుడ్డలవి. తేలియా రుమాళ్ళన్నా అవే, ఎగుమతి వర్తకుల భాషలో ఆసియా రుమాళ్ళన్నా అవే. యెండలకు అక్కడివాళ్ళు వాటిని తలకు చుట్టుకునేవారు. ఆసియాకు మనం గుడ్డ పంపినప్పుడు లేని అభ్యంతరం, ఆసియా మనకు తిండి పంపితే ఎందుకని నేను వాదించాను. మా అమ్మకు వాదనలు పట్టవు. పిల్లల మొహాలు పట్టాయి. "పదండి. నేను వూరికే కూర్చుంటాను," అన్నది.

దుకాణం అంటే పెద్దదేమీ కాదు. పైన రేకులు, లోపల నాలుగు బల్లలు, వాటికి అటూయిటూ పొడుగాటి బెంచీలు. వంటంతా వీధి మొహాన్నే. పొయ్యి బుస్సుమని మండుతోంది. మంట మూకుడు అంచు దాటి పైకి లేస్తోంది. ఉడికించి నూనె రాసి ఆరబెట్టిన నూడుల్స్ ఒక పళ్ళెం నిండా వున్నాయి. క్యాబేజీ, క్యారెట్టు, ఉల్లికాడలు సన్నగా తరిగి విడివిడిగా పోశారు. వంటబ్బాయికి పాతికేళ్ళుంటాయి. గరిటెతో దారాల్ని పైకి లేపి, చిక్కు పడకుండా మళ్ళీ మూకుట్లోకి జారవిడుస్తున్నాడు.

మా అమ్మ చూపు ఆ చేతుల మీదనే నిలిచింది. "ఏం నాయనా, మీ యింట్లో మగ్గం వుందా?" అని అడిగింది.

వాడు నవ్వాడు. "వుండేదండి మామ్మగారూ. మాది పేరాల. మా తాత నేశాడు, మా నాన్న నేశాడు. గిట్టుబాటు కాక నేను హైదరాబాదు పోయి, ఒక నేపాలీ మేస్త్రీ దగ్గర ఈ పని నేర్చుకున్నా."

"అదీ సంగతి. నూలు పట్టిన చెయ్యి దాగదు," అన్నది మా అమ్మ. ఆ ఒక్క మాటతో వాడు మా మనిషైపోయాడు. వెంటనే అసలు పరీక్ష మొదలైంది. "ఆ మూకుడుకి నీచు తగిలిందా?"

"తగలకుండా ఎట్టా వుంటుందండి? అయితే కొత్త మూకుడు ఒకటుంది, ఇంకా పొయ్యెక్కలేదు. దాంట్లో చేసిస్తా. గరిటె కూడా కడిగేస్తా."

"నాకొద్దులే," అన్నది గాని, ఆ వద్దులో గట్టితనం లేదు. నేను నాలుగు ప్లేట్ల కూరగాయల నూడుల్స్, ఒక ప్లేటు గోబీ మంచూరియా, పిల్లల కోసం గుడ్డు వేసిన ఫ్రైడ్ రైస్ చెప్పాను.

వచ్చేలోపల పిల్లలకు కాస్త చరిత్ర చెప్పాను. చైనావాళ్ళు 18వ శతాబ్దం చివర్లోనే కలకత్తా దగ్గర కాపురం పెట్టారు. తర్వాత తరాల్లో వచ్చిన హక్కా చైనావాళ్ళు కలకత్తా టాంగ్రా పేటలో తోళ్ళు శుద్ధిచేసే పని చేసుకుంటూ, పక్కనే హోటళ్ళు తెరిచారు. మన నాలుకకు కారం లేనిదే రుచి తెలియదని గ్రహించి తమ వంటలో పచ్చిమిర్చి వేశారు. మంచూరియా అనేది చైనా ఈశాన్య భాగాన వున్న ప్రాంతం. అక్కడివాళ్ళకు ఈ వంట పేరు కూడా తెలియదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975 ప్రాంతంలో బొంబాయిలో కోడిమాంసంతో దీన్ని తయారుచేశాడని చెప్పుకుంటారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన పద్ధతిలోనే వేసి, మసాలాపొడికి బదులు సోయా రసం పోశాడు. తర్వాత కోడి పోయి కాలిఫ్లవరు వచ్చింది. పేరు మాత్రం నిలిచింది.

"అయితే ఇది చైనాది కాదు, మనదే!" అన్నది అమ్మాయి.

"గుంటూరు మిరపకాయ మాత్రం మనదేనా?" అన్నాను. మిరప అమెరికా ఖండంలో పుట్టింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు దాన్ని మన రేవుల్లో దించేదాకా మనవాళ్ళు కారానికి మిరియాలే నూరుకున్నారు.

"ఆ మాట మీ మామయ్య దగ్గర అనకు, అన్నం పెట్టడు," అన్నది మా అమ్మ.

ప్లేట్లు వచ్చాయి. మా అమ్మ ముందుకు కూడా ఒకటి వచ్చింది, కొత్త మూకుడుది. ఆవిడ ఒక పోగు వేలితో తీసి, దీపం వెలుతురులో పరీక్షించింది. "ఇదేముందర్రా, జంతికల పిండిని నూనెలో వెయ్యబోయి నీళ్ళలో వేశారు," అని తీర్పు చెప్పింది. తర్వాత నోట్లో పెట్టుకున్నది. తర్వాత ఇంకొంచెం. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు గాని, నవ్వితే ఆగిపోతుందేమోనని నవ్వలేదు.

ఆ సమయానికి దుకాణం నిండింది. మా బల్ల చివర కాస్త చోటుంది. అరవై దాటిన ఒకావిడ, ఎనిమిదేళ్ళ మనుమరాలిని వెంటబెట్టుకుని వచ్చి, "కూర్చోవచ్చాండి?" అని అడిగింది. మా అమ్మే జరిగి చోటిచ్చింది. ఆ పిల్ల కూడా నూడుల్సే కావాలన్నది. పిల్లలు ఎక్కడైనా పిల్లలే.

మా అమ్మకు పక్కన మనిషి కూర్చుంటే పలకరించకుండా వుండడం చేతకాదు. "ఏమ్మాయ్, నీదే వూరు?" అన్నది.

"చీరాలేనండి. సొంతవూరు కారంచేడు."

మా అమ్మ మొహం వెలిగింది. "మాదీ కారంచేడే! ఏ వీధి మీది?"

ఆవిడ మనుమరాలి ప్లేటులోంచి పచ్చిమిరపకాయ ముక్కలు యేరుతూ, తలెత్తకుండా, "వీధి కాదండి. పల్లె. ఎనభై అయిదులో వచ్చేశాం," అన్నది.

మా బల్ల మీద మాట ఆగిపోయింది.

ఎందుకు ఆగిపోయిందో పిల్లలకు తెలియదు. చదువరులలో చాలామందికి తెలిసే వుంటుంది. 1985 జూలై 16న కారంచేడు మంచినీళ్ళ చెరువు దగ్గర, గేదెకు కుడితి పెట్టిన బకెట్టు కడగడం గురించి మాట పెరిగింది. తాగే నీళ్ళు పాడవుతాయని, నీళ్ళకు వచ్చిన ఒక మాదిగ స్త్రీ అడ్డు చెప్పింది. మరునాడు వూళ్ళోని ఆసాములు గుంపుగా మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్ళు చీరాలకు పారిపోయి వచ్చారు. తిరిగి ఆ వూరు వెళ్ళమన్నారు. వాళ్ళ కోసం చీరాల్లో విజయనగర్ కాలనీ ఏర్పడింది. ఇలాంటి దురాగతాల మీద 1989లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసింది. కారంచేడు కేసు మాత్రం ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు నడిచి నడిచి, 23 యేళ్ళకు, 2008లో సుప్రీంకోర్టు దగ్గర తేలింది.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. మేము హైదరాబాదులో వున్నాం. ఆ వారం పేపర్లన్నీ మా అమ్మ మడిచి బియ్యం డబ్బా వెనక దాచింది. నేను చూశానని ఆవిడకు తెలుసు. ఆవిడకు తెలుసునని నాకు తెలుసు. ఆ తర్వాత వేసవి సెలవులకు ఎన్నిసార్లు కారంచేడు వెళ్ళినా, మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చేపల పులుసు గురించి మాట్లాడాం, పొగాకు ధర గురించి మాట్లాడాం, వూరి నుంచి సినిమాల్లోకి వెళ్ళి పెద్దవాడైన రామానాయుడుగారి గురించి మాట్లాడాం. ఆ చెరువు గురించి మాట్లాడలేదు.

ఆ మౌనంలోనే మా అమ్మకు పొరపోయింది. మంచూరియాలో పచ్చిమిరపకాయ గొంతుకు అడ్డం పడ్డట్టుంది. ఒకటే దగ్గు. కళ్ళ వెంట నీళ్ళు. నేను లేచి మరచెంబు వెదికాను, అది ఖాళీ. అంతలో ఆవిడ బల్ల మీది జగ్గులోంచి గ్లాసులోకి నీళ్ళు వంచి మా అమ్మ చేతికిచ్చింది. మా అమ్మ గటగటా తాగేసింది.

దగ్గు తగ్గాక గ్లాసు కేసి చూసింది. ఆవిడ కేసి చూసింది.

ఆ చూపు మా పిల్లలకు అర్థంకాదు. నాకు అర్థమైంది. మా తాతగారింట్లో కూలివాళ్ళకు మజ్జిగ పోసేటప్పుడు చెంబు వాళ్ళ దోసిలికి తగలకుండా జానెడు ఎత్తునుంచి పోసేవారు. చాలా వూళ్ళ టీకొట్లలో రెండు రకాల గ్లాసులు వుండేవి. కొందరికి లోపల పెట్టినవి, కొందరికి బయట చూరుకు గుచ్చినవి. ఇడ్లీకి, పప్పన్నానికి, మజ్జిగకి ఎవరు ఎక్కడ కూర్చోవాలో తరతరాల లెక్కలున్నాయి. ఈ నూడుల్స్ నిన్నగాక మొన్న వచ్చింది. దాని వెంట ఏ లెక్కా రాలేదు. అందుకనే కాబోలు, ఆ తొండ డ్రాగన్ కింద, ఒకే బల్ల దగ్గర, ఒకే జగ్గులో నీళ్ళు తాగుతూ కూర్చున్నాం. కారంచేడులో అయితే ఇది జరిగేదా అని మనసులో అనుకున్నాను. జవాబు నాకు తెలుసు.

చాలాసేపటికి మా అమ్మ నోరు విప్పింది. "మీ ఇంట్లో... అందరూ...?" అన్నది. ఇందాకటి "నీదే వూరు" కాదు. "మీ ఇంట్లో" అని మారింది.

"మేమంతా బతికామండి. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. కట్టుబట్టలతో పొలాలకు అడ్డంపడి వచ్చాం."

"మళ్ళీ ఎప్పుడన్నా వెళ్ళారా?"

"ఎందుకండి వెళ్ళడం?" అన్నది. ఆ గొంతులో కోపం లేదు, జాలి కోరడమూ లేదు. బస్సు ఎన్నింటికని అడిగితే చెప్పినట్టు చెప్పింది. తర్వాత మనుమరాలి మూతి తుడిచి, "కారం ఎక్కువైందా? నీళ్ళు తాగు," అన్నది.

లేచేటప్పుడు మా అమ్మ నా చేతిమీద తట్టి, వాళ్ళ డబ్బులు కూడా ఇమ్మని సైగ చేసింది. ఆవిడ చూసింది. "వద్దండి. మావి మేమిచ్చుకుంటాం," అని కొంగుముడి విప్పి, నోట్లు లెక్కపెట్టి, వంటబ్బాయి చేతిలో పెట్టింది. వెళ్తూ మా అమ్మ కేసి తిరిగి, "గొంతు జాగ్రత్తండి," అన్నది. అంతే. ఆవిడ పేరు మేము అడగలేదు. ఆవిడా మా పేరు అడగలేదు.

1921లో ఈ చీరాల జనమే పన్నుపోటు మీద అలిగి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట వూరు ఖాళీచేసి, రామనగరంలో పాకలు వేసుకుని సుమారు పదకొండు నెలలున్నారు. ఆ కథ మనం పాఠ్యపుస్తకాల్లో గర్వంగా చదువుకున్నాం. వాళ్ళు తిరిగి ఇళ్ళకు వెళ్ళారు. 1985లో చీరాలకు వచ్చినవాళ్ళకు తిరిగి వెళ్ళే ఇల్లు లేకపోయింది. వూరు విడవడం రెండూ ఒకటి కావు.

కారు వచ్చింది. సంచులు సర్దుకుని కూర్చున్నాం. వూరి దీపాలు వెనకబడి, రెండువైపులా చీకటి పొలాలు మొదలయ్యాయి. మా అమ్మాయి ముందు సీటు మీదికి వంగి, "నానమ్మా, ఆవిడ వాళ్ళు మీ వూరు ఎందుకు వదిలేశారు?" అని అడిగింది.

మా ఆవిడ నా కేసి చూసింది. పిల్ల నిద్రపోతే బాగుండునని నేను అనుకున్నాను. బియ్యం డబ్బా వెనక పేపర్లు దాచిన వంశం కదా మాది!

మా అమ్మ కాసేపు కిటికీలోంచి చూసింది. "చెబుతాను, విను," అన్నది. చెప్పింది. చెరువు దగ్గరనుంచి మొదలుపెట్టి, ఎవరు కొట్టారో, ఎవరు చచ్చిపోయారో, మెత్తబరచకుండా, తన వాళ్ళనని వెనకేసుకు రాకుండా చెప్పింది. అబ్బాయి కూడా ఫోను పక్కన పెట్టి విన్నాడు. ఏడెనిమిది కిలోమీటర్ల దూరం ఆ కథకు చాలలేదు. ఇల్లు వచ్చాక కూడా కారు దిగకుండా కాసేపు అలాగే కూర్చున్నాం. మామయ్య గుమ్మంలో నిలబడి, "ఏమర్రా, దిగరేం?" అని కేకేస్తున్నాడు.

మర్నాడు వేడుక బ్రహ్మాండంగా జరిగింది. పందిట్లో భోజనాలు. ఒకవైపు గారెలు, పూర్ణాలు, గోంగూర, మాంసం కూర. రెండోవైపు, నమ్మండి, కాగితం తోరణం కట్టిన బల్ల, పొయ్యి మీద మూకుడు, నూడుల్స్, మంచూరియా! పిల్లలకోసం ప్రత్యేకంగా పెట్టించానని మామయ్య గర్వంగా చూపించాడు. చైనాలో పుట్టిన వంట కలకత్తా చుట్టి, బొంబాయి చుట్టి, కారంచేడులో మా మామయ్య పందిట్లోకి దర్జాగా వచ్చేసింది. దాన్ని ఎవరూ ఆపలేదు.

మా అమ్మ ప్లేటు పట్టుకుని దాని ముందు నిలబడింది. ఆదివారం గనక నియమం కూడా లేదు. వడ్డించేవాడు గరిటె ఎత్తాడు. ఆవిడ ప్లేటు చాపలేదు.

"ఒరేయ్ తమ్ముడూ, వూరందరినీ పిలిచావా?" అని అడిగింది.

"వూరూ వాడా పిలిచానే అక్కయ్యా. ఒక్క గడప వదల్లేదు."

"ఎనభై అయిదులో వెళ్ళినవాళ్ళని?"

మామయ్య ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత, ఇదేం ప్రశ్న అన్నట్టు, "వాళ్ళిక్కడ ఎక్కడున్నారే పిలవడానికి?" అన్నాడు.

"అదేరా నేనూ అంటున్నది," అన్నది మా అమ్మ.